దొంగ భక్తుడికి కోపమొచ్చింది

1667 ఆగస్టు 8. లా గ్రాంజ్, లా తోరిలియేర్ అనే ఇద్దరు నటులు పారిస్‌లో టపా గుర్రాలు మాట్లాడుకుని ఉత్తర దిక్కుకి బయల్దేరారు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ అప్పుడు లీల్ పట్టణాన్ని ముట్టడించి ఉన్నాడు. ఆయన చేతికి ఒక అర్జీ అందించాలి. రాసింది వాళ్ల నాటక సమాజానికి పెద్ద దిక్కయిన మోలియేర్. సారాంశం ఇంతే: మూడు రోజుల క్రితం మేం వేసిన నాటకాన్ని మర్నాడే ఆపించేశారు, ఏలినవారే దిక్కు.

ఆ నాటకం పేరు తార్తూఫ్. గొడవ అప్పటికి మూడేళ్ల పాతది.

1664 మేలో వెర్సాయ్‌లో రాజుగారు రోజుల తరబడి వేడుకలు జరిపించారు. 12వ తేదీన మోలియేర్ బృందం ఈ కొత్త ప్రహసనాన్ని మూడంకాలుగా ఆడింది. రాజుకు నచ్చింది. రాజమాత ఆన్‌కు మాత్రం ఒళ్లు మండింది. పారిస్ ఆర్చిబిషప్ పెరెఫీక్స్ ఒకప్పుడు రాజుకు చదువు చెప్పిన గురువు. ఆయనా అడ్డం తిరిగాడు. బహిరంగంగా ఆడొద్దని ఆజ్ఞ వచ్చేసింది.

తెర వెనక ఇంకొకరున్నారు. దివ్య సత్ప్రసాద సంఘం అని ఒక రహస్య సంస్థ. సభ్యులెవరో బయటికి చెప్పరు. పేదలకు, ఖైదీలకు సాయం చేసిన మాట నిజమే, కాదనలేం. కానీ ఎవరింట్లో ఏం జరుగుతోంది, ఎవరి నడత ఎలా ఉంది అని ఆరా తీయడం కూడా వాళ్లు భక్తిలో భాగమనుకున్నారు. తార్తూఫ్‌ను ఎలాగైనా అణచాలని ఏప్రిల్ 17నే, అంటే నాటకం ఆడక ముందే, వాళ్లు కూడబలుక్కున్నారు. రూలే అనే పారిస్ పాదిరి మరో అడుగు ముందుకేసి, మోలియేర్ మనిషి వేషంలో ఉన్న పిశాచమనీ, మంటల్లో వేయాల్సినవాడనీ అచ్చు వేయించాడు. ఆ పాదిరి నాటకం చూడనే లేదని మోలియేర్ రాజుకు మొర పెట్టుకున్నాడు.

ఇంతకీ అందులో ఏముంది? ఓర్గాన్ అనే బాగా కలిగిన గృహస్థు గుళ్లో పరిచయమైన తార్తూఫ్‌ను మహాభక్తుడని ఇంటికి తెచ్చి నెత్తిన పెట్టుకుంటాడు. కూతురిని ఇచ్చి పెళ్లి చేస్తానంటాడు. వాడి గుట్టు రట్టు చేసిన కన్నకొడుకును ఇంట్లోంచి గెంటేసి ఆస్తి వాడి పేర రాసేస్తాడు. వాడి కన్ను మాత్రం ఓర్గాన్ భార్య ఎల్మీర్ మీద.

మోలియేర్ పనితనం చూడండి. రెండంకాలు ఇంట్లో అందరూ తార్తూఫ్ గురించే మాట్లాడతారు, మనిషి కనపడడు. మూడో అంకంలో వస్తూనే, తన ముతక చొక్కా, కొరడా జాగ్రత్త చేయమని నౌకరుకు అందరూ వినేట్టు పురమాయిస్తాడు. ఒంటిని హింసించుకునే తపస్సు సామాను అన్నమాట. ఆ వెంటనే పనిమనిషి దొరీన్‌ను చూసి, రొమ్ము కప్పుకోమని జేబురుమాలు తీసి ఇస్తాడు. కొంగ జపమంటే ఇదే. చూపు ముందు ఎక్కడ పడిందో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగో అంకంలో బల్ల దృశ్యం. మొగుడి కళ్లు తెరిపించడానికి ఎల్మీర్ అతన్ని బల్ల కింద దూరమని, తార్తూఫ్‌ను పిలిపిస్తుంది. వాడు మీదమీదకి వస్తాడు. దేవుడి భయం లేదా అంటే, దేవుడితో రాజీ కుదుర్చుకునే ఉపాయాలు తన దగ్గరున్నాయంటాడు. ఆవిడ దగ్గుతుంది, బల్ల మీద తడుతుంది. కింద ఉన్నవాడు ఉలకడు పలకడు. చివరికి తార్తూఫ్, ఆ ఓర్గాన్‌ది ముక్కుతాడు వేసి ఎటు లాగితే అటొచ్చే బాపతు అని తీసిపారేసి, వాకిట్లో ఎవరైనా ఉన్నారేమో చూడ్డానికి వెళ్లాక గానీ బల్ల కింది మొగుడు బయటికి రాడు. వచ్చాక కూడా ఆవిడ ఊరుకోదు. అప్పుడే ఏం తొందర, పూర్తిగా రుజువయ్యేదాకా కిందే ఉండమంటుంది. నాకైతే నాటకం మొత్తంలో ఈ దెబ్బే గట్టిది. దొంగ భక్తుడి కన్నా వాణ్ణి నమ్మి తీరాలనుకునేవాడితోనే ఇంటికి ఎక్కువ చేటు.

1667 ఆగస్టు 5న మోలియేర్ పేరు మార్చి, పాత్రకు లేసుల దుస్తులు తొడిగి, నడుముకు కత్తి కట్టి, పారిస్‌లో మళ్లీ ఆడాడు. నాటకశాల నిండింది. మర్నాడే పార్లమెంటు న్యాయస్థానం ప్రథమాధ్యక్షుడు లామ్వాన్యోన్ ఆపించాడు. ఈయనా ఆ రహస్య సంఘం మనిషే. కవి బొయలో మోలియేర్‌ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడట. అధ్యక్షులవారు ఎంతో మర్యాద చేశారు, ధర్మబోధ నాటకాలవాళ్ల పని కాదన్నారు. మోలియేర్ తడబడుతూ ఏదో చెప్పబోతే, మధ్యాహ్నం కావస్తోంది, పూజకు ఆలస్యమవుతుందని లేచారు. తార్తూఫ్ కూడా ఓ చోట చిక్కు ప్రశ్న రాగానే ప్రార్థన వేళయిందని జారుకుంటాడు!

లీల్‌లో రాజు, తిరిగొచ్చాక చూస్తానన్నాడు. ఈలోగా ఆగస్టు 11న ఆర్చిబిషప్ శాసనం చేశాడు: ఆ నాటకం ఆడినా, చదివినా, చదువుతుంటే విన్నా, చాటుమాటునైనా సరే, వెలి. బృందం ఏడు వారాలు తెర ఎత్తలేదు. ఆ ప్రయాణానికి 1,000 లీవ్ర్‌లు ఖర్చయిందని లా గ్రాంజ్ తన చిట్టాలో రాసుకున్నాడు.

రాజమాత 1666లోనే పోయింది. రహస్య సంఘం జోరు తగ్గింది. మతవర్గాల మధ్య కలహాలు కొంత సద్దుమణిగాయి. 1669 ఫిబ్రవరి 5న అనుమతి వచ్చింది. ఓర్గాన్‌గా మోలియేరే, ఎల్మీర్‌గా ఆయన భార్య అర్మాండ్. ఆ ఒక్క రోజు వసూలు 2,860 లీవ్ర్‌లు. ఇప్పుడు అయిదంకాలు. చివర్లో రాజోద్యోగి వచ్చి తార్తూఫ్‌ను పట్టుకుని, రాజుగారి కంటికి ఏ మోసమూ దాగదని పెద్ద ఉపన్యాసమిస్తాడు. కథకు అది అతకలేదనే నా అభిప్రాయం. బతికి బట్టకట్టడానికి కట్టిన కప్పం అది.

అదే రోజు మోలియేర్ రాజుకు ఇంకో అర్జీ పెట్టాడు. తన వైద్యుడి కొడుక్కి వాన్సెన్ రాజప్రార్థనాలయంలో మతాధికారి కొలువు ఇప్పించమని! మతద్రోహి, కాల్చేయాలి అని అనిపించుకున్న మనిషి సిఫార్సు చేసిన ఉద్యోగమది.

ఈ నాటకం ఫ్రాన్స్ జాతీయ రంగస్థలం కామెడీ ఫ్రాన్సేజ్‌లో 3,000 సార్లకు పైగా పడింది. అక్కడ మరే నాటకమూ అన్నిసార్లు ఆడలేదు. రాసినవాడికి మాత్రం చావులోనూ సుఖం లేదు. 1673 ఫిబ్రవరి 17న పాదిరి సమయానికి రాకుండానే పోయాడు. నటుడు కనుక పవిత్ర భూమిలో చోటివ్వమన్నారు. భార్య రాజును వేడుకున్నాక, రాత్రిపూట, ఆర్భాటం లేకుండా పూడ్చుకోవచ్చని షరతు పెట్టి ఒప్పుకున్నవాడు కొత్త ఆర్చిబిషప్ హార్లే. ఆ హార్లేగారి ప్రియురాళ్ల సంగతి పారిస్ అంతా చెప్పుకునేది.