మామ్మ చెప్పిన వెకేషన్

విశాఖపట్నంలో ఒక్కరోజే ఉంటానంటే ఎవరైనా చూపించే వరస ఒకటుంది: ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి. పోయిన చలికాలం మా ఫ్రెండ్ కూడా నన్ను పొద్దున్నే సబ్‌మెరైన్ క్యూలో నిలబెట్టాడు. కురుసురా 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో రిటైరై, ఆ మరుసటేడు నుంచి ఇసుకలో మ్యూజియంగా ఉంది. లోపల తల వంచుకుని, పక్కకి ఒదిగి నడవాలి. అంతమంది మనుషులు నెలల తరబడి అందులో ఎలా పడుకున్నారో అనుకుంటూ బయటపడ్డాను. ఆ రోడ్డు మీదే 1971 యుద్ధ విజయానికి కట్టిన స్మారకం కూడా ఉంది. దాని ముందు నేను ఫొటోలు తీసుకుంటుంటే వాడు విసుగ్గా నిలబడ్డాడు.

"ఈ ఊరికి యుద్ధం అంటే 71 ఒక్కటే గురూ. మా మామ్మ యుద్ధం వేరే ఉంది, రా" అన్నాడు.

తీసుకెళ్ళింది అదే బీచ్ రోడ్డులో, పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంకి. అక్కడ జపాన్ వాళ్ళు వేసిన బాంబు గుల్ల ఒకటి పెట్టారు. జమీందార్ల కత్తుల్నీ కుర్చీల్నీ చూసొచ్చిన జనం దాని ముందు అరనిమిషం కూడా ఆగడం లేదు. నిజం చెప్పాలంటే, ఒంటరిగా వెళ్ళుంటే నేనూ ఆగేవాణ్ణి కాదు.

1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్, ఆరోజే జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. సోమవారం నాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. రేవుకి జరిగిన నష్టం కొలంబోతో పోలిస్తే చిన్నది. కానీ ఊరు ఖాళీ అయింది. చిన్న దాడికి అంత భయం ఎందుకంటే, అది ఆ సోమవారం పుట్టిన భయం కాదు. ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా కూలికెళ్ళిన జనం రంగంలో, అంటే రంగూన్‌లో ఉన్నారు. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడ్డాయి. మార్చి మొదట్లో ఊరు జపాన్ వశమైంది. దొరికిన ఓడ ఎక్కి కొందరు, కొండలూ అడవులూ దాటి నడిచి కొందరు తిరిగొచ్చారు. బాంబు పడితే ఏమవుతుందో వాళ్ళు కళ్ళారా చూసినవాళ్ళు. మార్చి 23న అండమాన్ కూడా పోయింది. ఇంక మధ్యలో మిగిలింది సముద్రమే.

ఆ కాలానికి వాడి మామ్మ పెట్టుకున్న పేరు 'వెకేషన్'. ఇవాక్యుయేషన్‌కి ఆవిడ నోట్లో మిగిలిన రూపం అది. "వెకేషన్లో చోడవరం ఎల్లిపోయాం, బండి మీద, పచ్చడి జాడీ ఒళ్ళో ఎట్టుకుని" అనేదట. చిన్నప్పుడు వీడు అది సెలవుల కబురే అనుకున్నాడు. ఆంధ్రా యూనివర్సిటీ కూడా యుద్ధకాలంలో గుంటూరు వెళ్ళిపోయిందని నేను చదివాను. దానికి వెళ్ళిన తేదీలూ తిరిగొచ్చిన తేదీలూ ఉంటాయి. పచ్చడి జాడీకి ఉండవు.

అయితే బండి ఎక్కనివాడు ఒకడున్నాడు. మామ్మ అన్న, రేవులో కూలీ. ఆరోజు పనికెళ్ళి తిరిగి రాలేదు. బాంబుకే పోయాడో, జనంలో పడి ఎటో వెళ్ళి అక్కడే ఉండిపోయాడో ఇంట్లో ఎవరికీ తెలీదు. దినం చేస్తే పోయినట్టు ఒప్పుకున్నట్టేనని వాళ్ళమ్మ చేయనివ్వలేదట.

మధ్యాహ్నం కురుపాం మార్కెట్ దగ్గర భోంచేసి (చేపల పులుసు గురించి వేరే వ్యాసం రాయాలి) రాస్ హిల్ ఎక్కాం. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి. కింద రేవులోకి వెళ్ళే కాలవ, ఆవల డాల్ఫిన్స్ నోస్. ఒకప్పుడు అక్కడంతా ఉప్పుటేరు, బురద. మధ్యపరగణాల మాంగనీసుకి ఓడరేవు కావాలని దాన్ని తవ్వారు. అలల్ని ఆపడానికి కొండ దగ్గర రెండు పాత ఓడల్ని కావాలనే ముంచారు. 1933 అక్టోబరులో మొదటి ఓడ జలదుర్గ వచ్చింది. 1941 జూన్‌లో నౌకానిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరక్కుండానే బాంబులు. ఏ రేవు మామ్మ ఇంటికి కూలిడబ్బులు తెచ్చిందో, విమానాల్ని పిలిచిందీ అదే. రేవు లేని విశాఖపట్నం కోసం ర్యూజో అంతదూరం వచ్చేది కాదు.

"ఆయన పేరేంట్రా?" అని అడిగాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "మామ్మ 'అన్న' అనే అనేది. పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు."

అక్కడి నుంచే చోడవరంలో ఉన్న వాళ్ళ పెద్దత్తకి ఫోన్ చేశాడు. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు సరిగ్గా వినపడవు. కింద కాలవలో ఒక ఓడ టగ్ వెనకాల మెల్లిగా లోపలికి వస్తోంది. వీడు కొండ మీద నిలబడి, ప్రార్థనకొచ్చిన వాళ్ళందరూ తిరిగి చూస్తుండగా, "అత్తా! మామ్మ వాళ్ళ అన్న! పేరు! పేరేటి?" అని అరుస్తున్నాడు.