గాలి నడిపిన తీరం, బొగ్గును కాదన్న తీరం

కళింగపట్నం, బారువ, భావనపాడు, కోనాడ, పక్కనే ఉన్న భీమునిపట్నం. ఈ పేర్లు వింటే నేటి పిల్లలకు సముద్రపు ఒడ్డు, పిక్నిక్కు, చేపల కూర గుర్తుకొస్తాయి. కాని ఒకప్పుడు ఇవి ఓడలు ఆగే రేవులు. ఆ ఓడలను నడిపింది బొగ్గు కాదు, డీజిలు కాదు, గాలి. మన తీరం చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే, గాలితో బతికి, బొగ్గుతో మారి, చివరికి ఆ బొగ్గునే తన గుమ్మం ముందు వద్దన్న తీరం అని చెప్పవచ్చును. మన సొసైటీ సభ్యులకు, ముఖ్యంగా చదువుకుంటున్న మన పిల్లలకు ఈ కథ తెలియాలనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెరచాపల కాలం

ఉర్దూలో మనం కాలాన్ని, ఋతువును 'మౌసమ్' అంటాం. అది అరబ్బీ మాట. ఆ మాటే నావికుల నోట నలిగి, యూరపు వాళ్ల చేతిలో పడి 'మాన్‌సూన్' అయింది. అరబ్బు నావికులకు మౌసమ్ అంటే వాన ఒక్కటే కాదు. ఏ నెలలో ఏ వైపు గాలి వీస్తుంది, ఎప్పుడు బయల్దేరితే ఏ రేవుకు చేరతాం అనే లెక్క. పదిహేనో శతాబ్దంలో అహ్మద్ ఇబ్న్ మాజిద్ అనే నావికుడు ఈ గాలుల లెక్కను, నక్షత్రాల లెక్కను పుస్తకాలుగా రాసిపెట్టాడు. వేసవి తర్వాత నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి. హిందూ మహాసముద్రం మీది వర్తకమంతా ఈ రెండు గాలుల మధ్య ఊయల ఊగినట్టు సాగింది.

మన తీరం కూడా ఆ ఊయలలోనిదే. గోల్కొండ వారి ఏలుబడిలో శ్రీకాకుళం ఫౌజుదారులుండే పట్టణం. ఇక్కడి సన్నని బట్టకు దూరదేశాల్లో పేరుండేది. డచ్చివారు పదిహేడో శతాబ్దంలో భీమునిపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. 1825లో అది ఇంగ్లీషువారి చేతికి పోయింది. వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. తమ దేశంలో గాలిమరలతో నీళ్లు తోడి పొలాలు చేసుకున్న ఆ జాతి, మన దగ్గరికి వచ్చింది కూడా గాలి మీదనే. పెద్ద ఓడలు సముద్రంలో దూరంగా ఆగేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య అలల మీద మాసూలా పడవలు తిరిగేవి. ఆ పడవ నడిపినవారు మన గంగపుత్రులు. వారి నోట 'సరంగు', 'తండేలు' అనే మాటలు నేటికీ వినబడతాయి. సరంగు ఫారసీ నుంచి వచ్చిన మాట. గాలి ఒక సరుకునే కాదు, మాటలను కూడా ఒడ్డుకు చేర్చిందన్నమాట.

గాలిమర పుట్టిన నేల

గాలిమర అనగానే అందరూ హాలెండు అంటారు. కాని చరిత్రకు తెలిసినంతలో గాలిమరలు ముందుగా తిరిగింది ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులోని సీస్తాన్‌లో. పదో శతాబ్దపు చరిత్రకారుడు అల్ మసూదీ సీస్తానును గాలీ ఇసుకా గల దేశంగా వర్ణించి, అక్కడ గాలితో తిరగళ్లు తిప్పుతారని, నీళ్లు తోడతారని రాశాడు. ఆ మరల ఇరుసు నిలువుగా ఉండేది. మట్టిగోడల మధ్య నిలబెట్టిన చెక్క రెక్కలకు గాలి తగిలి, కింద ఉన్న తిరగలి తిరిగేది. ఇరాన్‌లోని నష్తీఫాన్ అనే ఊళ్లో అటువంటి పాత మరలు నేటికీ ఉన్నాయి. యూరపులో గాలిమరలు పన్నెండో శతాబ్దంలో కనిపిస్తాయి. పైసా ఖర్చు లేని ఆ ఇంధనాన్ని ముందుగా పనికి పెట్టింది ఎడారి పల్లెలవారని మన పిల్లలు గుర్తు పెట్టుకోదగ్గది.

బొగ్గు వచ్చింది

పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరి యంత్రం వచ్చింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలకు మరీ గిరాకీ పెరిగింది. మన తీరానికి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు వచ్చేవి. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి వేలాదిమంది మన జిల్లాలవారు ఆ స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లి కూలినాలి చేసుకున్నారు. అటు తర్వాత 1893-1896 మధ్య తూర్పుతీరం రైలుమార్గం పడింది. విజయనగరం మీదుగా బొగ్గు ఇంజను కూతపెట్టింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కూడా నడిచింది. సరుకు రైలెక్కింది. చిన్న రేవులు ఒక్కొక్కటే నిద్రపోయాయి.

బొగ్గును ఊరికే తిట్టడం కృతఘ్నత అవుతుంది. రైలు వచ్చాకనే కరువు రోజుల్లో దూరపు ధాన్యం త్వరగా అందే దారి ఏర్పడింది. బొగ్గు కరెంటు వెలుగులో మన పిల్లలు పరీక్షలకు చదివారు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చినా, పెరిగిన అవసరానికి అది చాలలేదు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం 2002లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ మేలంతా ఒప్పుకోవలసిందే. కాని ఆ మేలుకు మూల్యం ఎవరు కట్టారు, ఎక్కడ కట్టారు అనే ప్రశ్న మన జిల్లాకే వచ్చి నిలబడింది.

బీల, తంపర

సోంపేట దగ్గర 'బీల' అని చిత్తడి నేలలున్నాయి. తెలియనివాడికి అది గడ్డి, బురద. తెలిసినవాడికి అదే బతుకు. ఆ నీటితో పొలాలు పండుతాయి, అందులో చేపలుంటాయి, పశువులు మేస్తాయి. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టారు. రైతులు, మత్స్యకారులు వద్దన్నారు. కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసి రిటైరైన ఇ.ఎ.ఎస్. శర్మగారి వంటి పెద్దలు వారికి అండగా నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

ఏడాది తిరక్కుండానే రెండోసారి. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర 'తంపర' భూముల్లో అంతే పెద్ద కేంద్రం పని మొదలైంది. నౌపడ ఉప్పు పేరు మనందరికీ తెలుసు. ఆ ఉప్పును వండేది పొయ్యి కాదు, ఎండా గాలీ. ఆ చుట్టుపక్కల తేలినీలాపురానికి ఏటా చలికాలంలో గూడబాతులు, కొంగజాతి పక్షులు వచ్చి గూళ్లు పెడతాయి. తంపర నీరే వాటికి మేత. 2011 ఫిబ్రవరి 28న అక్కడ కూడా కాల్పులు జరిగాయి, వడ్డితాండ్ర ప్రాంతంలో ప్రాణాలు పోయాయి. చివరికి ఈ రెండు చోట్లా ఒక్క యూనిట్ కరెంటు కూడా పుట్టలేదు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

చిన్న లెక్క

ఆ జనం ఎందుకంత గట్టిగా వద్దన్నారు? బడిపిల్లలు కూడా చేయగల లెక్క ఒకటి చెప్తాను. 2640 మెగావాట్ల కేంద్రం నూటికి ఎనభై వంతుల చొప్పున నడిస్తే, రోజుకు సుమారు 5 కోట్ల యూనిట్లు వస్తాయి. మన దేశపు బొగ్గయితే యూనిట్‌కు దాదాపు 700 గ్రాములు కాలాలి. అంటే రోజుకు 35,000 టన్నులు. ఈ బొగ్గులో మూడో వంతు బూడిదే. అంటే రోజుకు 11,000 టన్నుల పైన బూడిద. లారీకి పది టన్నులు వేసుకుంటే 1,100 లారీలు, అదీ ఒక్క రోజుకు! ఆ బూడిద పోసేది ఎక్కడ? బీలలోనా, తంపరలోనా? చల్లార్చిన వేడి నీరు సముద్రంలో కలిస్తే చేప ఎటు పోవాలి? ఇది కాక, యూనిట్‌కు కిలో దరిదాపుల్లో బొగ్గుపులుసు వాయువు ఆకాశానికి పోతుంది. భూమి వేడెక్కడానికి అదే పెద్ద కారణం.

ఇప్పుడు గాలిమర లెక్క. 2 మెగావాట్ల మర ఒకటి, గాలి ఉన్నప్పుడు తిరిగి లేనప్పుడు ఆగి, ఏడాది మొత్తం మీద శక్తిలో నాలుగో వంతు ఇచ్చినా 43 లక్షల యూనిట్లు వస్తాయి. ఆ మేరకు సుమారు 3,000 టన్నుల బొగ్గు కాలకుండా మిగులుతుంది. పొగ లేదు, బూడిద లేదు, చల్లార్చే నీళ్లక్కర్లేదు. మర కింద, చుట్టూ సేద్యం చేసుకోవచ్చు, మేకలు మేపుకోవచ్చు. తయారు చేయడానికి ఉక్కు, సిమెంటు కావాలి, నిజమే. కాని ఆ ఖర్చు ఒక్కసారి. బొగ్గు ఖర్చు నిత్యం.

మాస్టార్లు, వడ్రంగులు

గాలిమర మళ్లీ లోకంలోకి వచ్చిన కథలో మా ఉపాధ్యాయులకు కొంచెం గర్వపడే సంగతి ఉంది. 1891లో డెన్మార్కులో పౌల్ లా కూర్ అనే ఆయన గాలిమరతో కరెంటు తీసి తను పనిచేసే పాఠశాలలో ప్రయోగాలు చేశాడు. ఆయన ఒక బడిపంతులే. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు, చమురు మీదే బతికే డెన్మార్కు చలిలో వణికింది. అప్పుడు వడ్రంగులు, మాస్టార్లు మళ్లీ మరలు కట్టారు. ట్వింద్ అనే చోట ఉపాధ్యాయులు, వాలంటీర్లు కలిసి కట్టిన పెద్ద మర 1978లో తిరగడం మొదలుపెట్టింది. నేడు ఆ దేశపు కరెంటులో సగం పైన గాలిదే.

మన దేశంలో 1986లో ఓఖా, రత్నగిరి వంటి తీరప్రాంతాల్లో 55 కిలోవాట్ల చిన్న మరలతో మొదలైంది. 2025 మార్చికి దేశం మొత్తం 50,000 మెగావాట్లు దాటింది. మన రాష్ట్రంలో రామగిరి కొండల దగ్గర మొదలుపెట్టి, అనంతపురం, కర్నూలు, కడప సీమల్లో కలిపి 4,000 మెగావాట్ల పైన ఉన్నాయి. చమురు పుట్టిన సౌదీ అరేబియాలోనే దూమతుల్ జందల్ అనే చోట 400 మెగావాట్ల గాలి విద్యుత్ కేంద్రం 2021లో కరెంటు ఇవ్వడం ప్రారంభించింది. చమురున్నవాడే గాలిని పట్టుకుంటుంటే మనం ఆలోచించవద్దా?

మన తీరం సంగతి

అలాగని రేపే కళింగపట్నం ఒడ్డున వరుసగా మరలు నిలబెట్టమని నేననడం లేదు. రాయలసీమ మెట్టల మీద వీచినంత నిలకడ గాలి మనకు లేదు. పైగా మనది తుపాన్ల దారి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన సంగతి ఎవరు మర్చిపోతారు? గాలి గంటకు 90 కిలోమీటర్ల దరిదాపుకు వస్తే మర తనంతట తాను ఆగిపోవాలి. గాలి లేని రోజుకు ఎండ కరెంటు, నీటి కరెంటు, నిల్వ చేసుకునే ఏర్పాటు ఉండాలి. కాని కరెంటు తీగకు జిల్లా సరిహద్దు లేదు. రామగిరిలో తిరిగిన మర కరెంటు అదే గ్రిడ్డు మీద శ్రీకాకుళంలో దీపం వెలిగిస్తుంది. అక్కడ మర తిరిగిన మేరకు ఇక్కడ బీలనూ తంపరనూ అడిగే అవసరం తగ్గుతుంది. మనకు గాలి విద్యుత్తు చేసే అసలు మేలు అదే.

ఇంకో మాట కూడా చెప్పాలి. గాలి విద్యుత్తయినా భూమి కావాలి, రోడ్డు కావాలి, తీగలు కావాలి. సోంపేట, కాకరాపల్లి నేర్పిన పాఠం బొగ్గుకు మాత్రమే కాదు. ఆ నేల మీద బతికేవారిని ముందుగా అడగాలి, కాగితం మీద 'బంజరు' అని రాసి పని కానిచ్చేయకూడదు. పక్షుల దారిలో మర పెట్టకూడదు. అడిగి చేసిన పని నిలుస్తుంది. తుపాకీతో చేసిన పని నిలవలేదు, ఇది మన కళ్లముందటి చరిత్ర.

మన ఇళ్లలో చేయగలిగింది కూడా ఉంది. ఎవరూ లేని గదిలో ఫ్యాను ఆపడం, సామాజిక భవనాల మీద ఎండ పలకలు పెట్టించుకోవడం, పెళ్లిళ్లలో పగలే దీపాలు వెలిగించే ఆడంబరం మానుకోవడం. ఆదా చేసిన ప్రతి యూనిటూ ఎక్కడో కాలని 700 గ్రాముల బొగ్గు. సైన్సు, ఇంజనీరింగు చదివే మన అబ్బాయిలు, అమ్మాయిలు ఈ విద్య మీద కూడా దృష్టి పెట్టాలని కోరుతున్నాను. గాలిని చదవడం ఒకప్పుడు మన తీరపు సరంగులకు తెలిసిన విద్యే. దాన్ని మళ్లీ నేర్చుకునే వంతు మన పిల్లలది, నేర్పించే వంతు మనది.