లిస్సా సముద్ర యుద్ధం

ఘనమైన ఇనుప గుండు తగిలితే కొయ్య ఓడకు చిల్లి పడేది. ఓడలోని వడ్రంగి దానిని పూడ్చేవాడు. ఓడ మరల పోరాడేది. లోపల మందు కూరిన పేలుడు గుండ్లు వచ్చిన తరువాత ఈ ధైర్యం సన్నగిల్లినది. 1853 నవంబరులో నల్లసముద్ర తీరాన సినోప్ రేవులో రష్యా నౌకలు ఇట్టి గుండ్లతోనే తుర్కీ కొయ్య ఓడలను తగులబెట్టినవి. ఆరేండ్లు తిరగకముందే, 1859లో, ఫ్రాన్సు 'గ్లుఆర్' అనే ఇనుప కవచ నౌకను నీటిలోనికి దించినది. మరుసటి సంవత్సరం ఇంగ్లండు 'వారియర్'ను దించినది. దాని కవచం మందం నాలుగున్నర అంగుళాలు. ఆ ఇనుము వెనుక 18 అంగుళాల టేకు. మన ఇండ్లలో ద్వారబంధాలకు వాడే టేకే అది.

ఇంత ఇనుము మోసే ఓడ ఎట్లా తేలుతుందని విద్యార్థులు అడుగుతారు. ఓడ తొలగించే నీటి బరువు ఓడ మొత్తం బరువుకు సమానమైతే చాలు. ఓడ లోపల అధికభాగం ఖాళీయే గదా!

కవచ నౌకల దళాలు రెండు సముద్రం నడుమ మొదటిసారి తలపడినది 1866 జులై 20న. ఆ ఏడు ప్రష్యాకు, ఆస్ట్రియాకు యుద్ధం వచ్చినది. వెనిస్ ప్రాంతాన్ని పొందగోరిన ఇటలీ ప్రష్యా పక్షాన చేరినది. ఇటలీ అడ్మిరల్ పెర్సానో ఏడ్రియాటిక్ సముద్రంలోని లిస్సా ద్వీపాన్ని ముట్టడించాడు. ఆ ద్వీపం ఇప్పుడు క్రొయేషియాలో ఉన్నది, పేరు వీస్. దానిని కాపాడటానికి ఆస్ట్రియా అడ్మిరల్ టెగెట్‌హోఫ్ బయలుదేరాడు. ఇటలీకి 12 కవచ నౌకలు, ఆస్ట్రియాకు 7. టెగెట్‌హోఫ్ తన కొయ్య ఓడలను కూడ వెంట తెచ్చాడు. వాటిలో పెద్దది 92 ఫిరంగులు గల 'కైజర్'. మంచి క్రొత్త ఫిరంగులు అతనికి లేవు. అందుచేత ఓడలను బాణపు ములుకు ఆకారంలో మూడు వరుసలుగా తీర్చి, దగ్గరకు పోయి ఓడ ముక్కుతోనే పొడవాలని నిశ్చయించాడు.

పోరు మొదలయ్యే వేళకు పెర్సానో చేసిన పని విచిత్రమైనది. తన పతాక నౌక 'రే దితాలియా'ను విడిచి 'అఫొందతోరె' అనే మరొక ఓడకు మారాడు. ఈ సంగతి తక్కిన ఓడలకు తెలియలేదు. అవి పాత ఓడనే చూస్తూ ఆజ్ఞలకై ఎదురుచూచినవి. ఈ మార్పిడిలో వరుసలో ఏర్పడిన సందులోనుండి ఆస్ట్రియా ఓడలు చొచ్చుకొనిపోయినవి.

పొగలో ఎవరు ఎవరో తెలియని స్థితి. ఇనుప ఓడలు చుట్టుముట్టగా కైజర్ నాయకుడు పెట్జ్ తన కొయ్య ఓడనే 'రే ది పోర్తొగాల్లో' అనే కవచ నౌకపైకి నడిపించాడు. దెబ్బ ఏటవాలుగా తగిలినది. కైజర్ ముందు తెరచాప స్తంభం విరిగి పొగగొట్టంపై పడి అంటుకొన్నది. అయినా ఓడ మునగలేదు. మండుతూనే లిస్సా రేవు చేరినది. ఆనాడు ఆస్ట్రియా పక్షాన చనిపోయిన 38 మందిలో అధికభాగం దాని నావికులే.

ఇంతలో రే దితాలియా చుక్కాని దెబ్బతిన్నది. ఓడ తిరగలేక, కొంత ముందుకు, కొంత వెనుకకు పోయి, దాదాపు నిలిచిపోయినది. ఆస్ట్రియా పతాక నౌక 'ఫెర్డినాండ్ మాక్స్' దాని ప్రక్కను పొడిచి వెనుకకు లాగుకొన్నది. కొద్ది నిమిషాలలోనే ఆ పెద్ద ఓడ సుమారు 400 మందితో మునిగిపోయినది. 'పాలెస్త్రో' అనే మరొక ఇటలీ ఓడలో గుండు వల్ల నిప్పంటుకొని, మధ్యాహ్నం అది పేలిపోయినది.

గుండ్లు చేయలేని పని ముక్కు ఎట్లా చేసినది? చిన్న లెక్క చూడండి. చలించే వస్తువు శక్తి, దాని ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వస్తుంది. 25 కిలోగ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 20 లక్షల జౌళ్ళు. 5,000 టన్నుల ఓడ సెకనుకు 6 మీటర్ల చొప్పున మాత్రమే నడిచినా శక్తి 9 కోట్ల జౌళ్ళు, అంటే 45 రెట్లు! పైగా ఆ పోటు కవచం అంచుకు దిగువన, నీటి లోపల తగులుతుంది. అక్కడ ఉన్నది కొయ్యే. ఇనుప ఓడ అనే పేరు చూచి మోసపోరాదు. రే దితాలియా కట్టడం కొయ్యదే, పైన తాపినది ఇనుము.

ఈ లెక్క నిజమే. కాని నౌకా నిపుణులు దీనినుండి తీసిన నిర్ణయం మాత్రం తొందరపాటు. ఆనాడు పొడవబోయిన ఓడలు చాలా ఉన్నవి. అధికభాగం గురి తప్పినవి, లేదా ఒరుసుకొని పోయినవి. పోటు సరిగా దిగినది కదలలేని ఓడ మీదనే. తప్పిన ప్రయత్నాలను లెక్కించక, ఫలించిన ఒక్కదానినే చూచి, దేశదేశాలవారు ఆ తరువాత చాలాకాలం యుద్ధనౌకలకు పొడుపు ముక్కులు అమర్చారు. ఈలోగా ఫిరంగుల బలం పెరిగి, ఓడలు దూరం నుండియే పోరాడసాగినవి.

ముక్కులు మాత్రం స్వపక్షం ఓడలను పొడిచినవి. 1875లో ఐర్లండు తీరాన, పొగమంచులో, ఇంగ్లండు వారి 'వాన్‌గార్డ్' తోటి ఓడ తగిలి మునిగినది. 1878లో జర్మనీ వారి 'గ్రోసర్ కుర్‌ఫ్యూర్స్ట్' అట్లే పోయినది. 1893 జూన్ 22న సిరియా తీరాన ట్రిపోలీ ఎదుట విన్యాసాలు చేస్తుండగా 'కాంపర్‌డౌన్' ముక్కు బ్రిటిష్ పతాక నౌక 'విక్టోరియా'లో దిగినది. అడ్మిరల్ ట్రయన్‌తో కూడ 358 మంది మరణించారు.