మండుచున్న శిలువయు, శాసనమును

చిహ్నమునకు స్వతస్సిద్ధమైన గుణదోషములు లేవు. నిలిపినవాని యుద్దేశమును, చూచినవాని యనుభవమును గలిసి దానికి అర్థము గల్పించుచున్నవి. ప్రార్థనాలయ శిఖరముపై భక్తిని బుట్టించు శిలువయే, అర్ధరాత్రమున నల్లజాతి గృహస్థుని వాకిట మండినచో, “ఊరు విడిచి పొమ్ము, లేకున్న ప్రాణము దక్కదు” అను తాఖీదగును. మాటలేని యీ బెదిరింపును శిక్షింపవచ్చునా? శిక్షించినచో వాక్స్వాతంత్ర్యమునకు భంగము వాటిల్లదా? అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ప్రశ్నతో అర్ధశతాబ్దికి పైగా పెనగులాడినవి. ఆ చరిత్ర మనకును విచారణీయము.

1865 లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, టెన్నెసీ రాష్ట్రమందలి పులాస్కీ పట్టణమున కూ క్లక్స్ క్లాన్ అను రహస్యసంఘము పుట్టెను. దాస్యవిముక్తులైన నల్లవారు వోటుహక్కును వినియోగింపకుండ కొరడాలతోను, ఉరిత్రాళ్లతోను భయపెట్టుటయే దాని వృత్తి. 1871 లో గ్రాంటు అధ్యక్షుడుగా నున్నప్పుడు కాంగ్రెసు కఠినశాసనము గావింపగా ఆ సంఘ మణగిపోయెను. చిత్రమేమనగా, ఆ తొలి క్లానువారు శిలువను గాల్చు నాచారము నెరుగరు. 1905 లో థామస్ డిక్సన్ అను నవలాకారుడు స్కాట్లండు కొండజాతుల సంకేతాగ్నులను దలచి, తన కథలోని క్లానువారిచే శిలువను గాల్పించెను. ఆ నవలను బట్టి 1915 లో గ్రిఫిత్ చలనచిత్రమును దీసెను. ఆ సంవత్సరముననే జార్జియాలోని స్టోన్ కొండపై నూతన క్లాను నిజముగనే శిలువను గాల్చి వెలసెను. కవి కల్పన ఖలుని చేతిలో కొరవి యయ్యెను!

1952 లో వర్జీనియా శాసనసభ ఈ దుష్కృత్యమును నేరముగా విధించెను. సవరణల పిమ్మట ఆ శాసనమున రెండంశములు నిలిచినవి. పరుల నేలపై గాని, బహిరంగస్థలమున గాని, బెదిరించు నుద్దేశముతో శిలువను గాల్చుట నేరమనునది మొదటిది. కాల్చుటయే ఆ యుద్దేశమునకు ప్రాథమిక సాక్ష్యమనునది రెండవది.

ఇంతలో 1990 లో మిన్నెసోటాయందలి సెయింట్ పాల్ నగరమున కొందరు యువకులు విరిగిన కుర్చీకాళ్లను గట్టి శిలువగా జేసి, యొక నల్లజాతి కుటుంబపు పెరటిలో గాల్చిరి. జాతి, మత, లింగాదుల కారణమున కోపభయములు బుట్టించు చిహ్నములను నిషేధించు నగరశాసనము ననుసరించి అభియోగము జరిగెను. 1992 లో సుప్రీముకోర్టు ఆ నగరశాసనమును గొట్టివేసెను. పరుల ఇంట నిప్పు పెట్టుటను ఇతర శాసనములచే శిక్షింపవచ్చును గాని, ప్రభుత్వము తనకు నచ్చని విషయములను మాత్రమే యేరి నిషేధింపరాదని న్యాయమూర్తి స్కాలియా వ్రాసెను.

2003 లో వర్జీనియా శాసనమే ఆ కోర్టు ముందునకు వచ్చెను. నిజమైన బెదిరింపు వాక్స్వాతంత్ర్యమున జేరదనియు, శిలువ దహనమునకు గల రక్తచరిత్రను బట్టి దానిని ప్రత్యేకముగా నిషేధింపవచ్చుననియు న్యాయమూర్తి ఓకానర్ తీర్పు చెప్పెను. కాని ఉద్దేశమును ప్రభుత్వమే నిరూపింపవలెను. కాల్చుటయే సాక్ష్యమనుట చెల్లదు. పొరుగువాని పెరటిలో గాల్చినవాడును, అనుమతితో స్వజనుల సభలో గాల్చినవాడును సమానులు గారు. ఆ పీఠమున నాడు గూర్చున్న ఏకైక నల్లజాతీయుడగు థామస్ మాత్రము, ఇది భావప్రకటనమే కాదు, కేవల భయోత్పాదక కృత్యమని భిన్నాభిప్రాయము వ్రాసెను. తర్కమునకు ఓకానర్, అనుభవమునకు థామస్ సాక్షులని నాకు దోచును.

ఈ చరిత్ర మన గడపను గూడ దాకినది. 1920 లో హిట్లరు పక్షము వంకర శిలువను ధ్వజముపై నిలిపెను. మనకు “సు”, “అస్తి” అను పదముల గలయికచే శుభమును జెప్పు స్వస్తికమును, ఆ ముద్రయు చూపునకు సోదరులవలె నున్నవి. తెలుగువారనేకులు నివసించు కాలిఫోర్నియా రాష్ట్రము 2022 లో ఉరిత్రాటిని, మండు శిలువను, నాజీ చిహ్నమును జూపి భయపెట్టుటకు సమానశిక్షలు విధించుచు, ఆ చిహ్నమును “హాకెన్‌క్రాయిజ్” అని జర్మను పేర బేర్కొని స్వస్తికమునుండి వేరుపరచెను.

ఇది న్యాయమే. అయినను మన పసుపు గడపపై స్వస్తికము మంగళకరమని చెప్పుకొను హక్కుతోపాటు ఒక బాధ్యతయు మనకు గలదు. పొరుగున నుండు యూదుని గుండె ఆ రూపమును జూచి యేల ఝల్లుమనునో యెరుగవలెను. ఉద్దేశమును విచారించుట న్యాయస్థానము పని. ఎదుటివాని భయమును విచారించుట గృహస్థుని ధర్మము. రెండవది లేనిచోట మొదటిది యెంతకాలము నిలుచును?