ఆకుల కప్పు నుండి సిమెంటు రేకు వరకు: మన్యపు ఇంటి చరిత్ర

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల అనే గ్రామం ఉన్నది. వనవాస కాలంలో సీతారాములు అక్కడ ఆకుల కుటీరం వేసుకొన్నారని స్థలపురాణం. పురాణం మాట ఎట్లున్నా, ఈ ప్రాంతపు గృహనిర్మాణ చరిత్ర అంతా ఆ ఒక్క పేరులోనే ఇమిడి ఉన్నది. తక్కువ సామగ్రితో, ప్రకృతికి తెరచి ఉండే ఇల్లు కావాలని నేడు నగరవాసులు వాస్తుశిల్పులకు లక్షలు చెల్లిస్తున్నారు. ఖమ్మం మన్యంలోని కోయలు, కొండరెడ్లు తరతరాలుగా అటువంటి ఇండ్లలోనే నివసించారు. కాకపోతే దానిని వారు ఒక శైలి అనుకోలేదు. అడవి ఇచ్చినదానితో కట్టుకొన్నారు, అంతే.

ఆ ఇంటికి అడవి కలప గుంజలు, వెదురు తడికల గోడలు, వాటిపై మట్టి మెత్తి పేడతో అలికిన పూత, పైన గడ్డి గాని తాటాకు గాని కప్పు. చూరు బాగా కిందికి దిగి ఉండటం వలన ఎండ గోడను తాకదు, జడివాన మట్టిని కరిగించదు. గడ్డి పొరల మధ్య నిలిచిన గాలి వేడిని లోనికి రానీయదు. 45 డిగ్రీలు దాటే ఇక్కడి వేసవిలో ఈ గుణం విలువ ఎంతటిదో వడదెబ్బ రోగులకు చికిత్స చేసినవారికి తెలుసు. ఇక లోపలి గది చిన్నది, చీకటిది. ధాన్యం దాచుకోవడానికి, వంటకు, వాననాటి నిద్రకు అది చాలు. అసలు జీవితమంతా అరుగు మీద, పందిరి కింద, వాకిట్లో, చెట్టు నీడలో గడిచేది.

ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల ఆరంభంలో గోదావరి లోయలో కొండరెడ్ల మధ్య ఉండి, వారిపై వ్రాసిన గ్రంథాన్ని 1945లో ప్రచురించాడు. అప్పటికి పాల్వంచ వైపు నిజాం రాజ్యం, భద్రాచలం వైపు మద్రాసు రాష్ట్రపు ఏజెన్సీ. (1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం డివిజను దానిలో కలిసింది.) పాలకులు వేరైనా ఇరువైపులా జరిగినది ఒకటే. అడవి రిజర్వు అయింది, పోడుపై ఆంక్షలు వచ్చాయి, గుంజకూ వాసానికీ అనుమతి అవసరమైంది. 1879 నాటి రంప పితూరీ రేకపల్లి సీమకు పాకడానికి ఈ అటవీ ఆంక్షలు, పోడు పన్ను కూడా కారణాలు. వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దానిపై గిరిజనులకు హక్కు ప్రకటించినది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. తన ఇంటి తడికకు తన అడవిలోని వెదురు తెచ్చుకొనే హక్కు కాగితం మీదికి రావడానికి అంత కాలం పట్టింది!

అయితే ఆ ఇంటిని కేవలం పొగడి ఊరుకోవడం వైద్యునికి తగదు. ప్రకృతికి తెరచిన ఇల్లు దోమకు కూడా తెరచినదే. కొండవాగుల పారే నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మన్యపు మలేరియాకు ముఖ్య వాహకాలలో ఒకటి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమై, ఇండ్ల లోపలి గోడలకు డీడీటీ చల్లించింది. రక్తం త్రాగిన దోమ గోడపై వ్రాలి, మందు తగిలి చావాలన్నది అందులోని సూత్రం. సిమెంటు గోడపై మందు పైననే నిలుస్తుంది. మట్టి గోడ దానిని క్రమంగా లోనికి పీల్చుకొంటుంది. పైగా పండుగ రాగానే ఇల్లాలు గోడలను కొత్తగా అలుకుతుంది, మిగిలిన మందు పేడ పూత కిందికి పోతుంది. ఆమె చేసినది పరిశుభ్రతే, కానీ మా మలేరియా సిబ్బంది శ్రమ ఒక్క పూటలో వృథా అయ్యేది. దేశం మొత్తం మీద 1960ల మధ్య నాటికి లక్షకు తగ్గిన మలేరియా కేసులు 1976లో 64 లక్షలకు పైగా లేచాయి. దానికి దోమల నిరోధకశక్తి, నిధుల కొరత వంటి పెద్ద కారణాలున్నాయి. మన్యంలో ఈ అలుకు కూడా ఒక చిన్న కారణమని నా అభిప్రాయం. మందు పూసిన దోమతెరలు వచ్చిన తరువాత గోడ మీద ఆధారపడవలసిన అవసరం చాలావరకు తగ్గింది.

రెండవ లోపం పొగ. పొయ్యి పొగ కప్పు గడ్డిని పురుగుల నుండి కాపాడుతుంది, దూలానికి వ్రేలాడదీసిన మొక్కజొన్న విత్తనాలను నిలుపుతుంది. ఆ పొగే స్త్రీల ఊపిరితిత్తులను, పసిపిల్లల శ్వాసను దెబ్బతీస్తుంది. కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం గుజరాత్ గ్రామాలలో వంట చేసే స్త్రీలు పీల్చే పొగను కొలిచి 1983లో ప్రకటించేవరకు ప్రపంచం దీనిని పెద్దగా పట్టించుకోలేదు. బీడీ ముట్టని కోయ స్త్రీలలో కూడా తెరలు తెరలుగా వచ్చే దగ్గును నేను ఉద్యోగకాలమంతా విన్నాను.

1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ పథకం పక్కా ఇండ్లను తెచ్చాయి. అగ్నిభయం, పాము భయం తగ్గాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచింది. అటువంటి వరదను చూసినవారు గట్టి గోడ కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ డబ్బు చాలని చోట్ల గడ్డి స్థానంలో సిమెంటు రేకులు వచ్చాయి. వీటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. చెక్కుచెదరని రేకు కింద నిద్రించడం కన్న, దానిని కోయడం, రంధ్రాలు వేయడం, పగులగొట్టడం చాలా ప్రమాదకరం. ఆ ధూళి ఫలితం కొన్ని దశాబ్దాల తరువాత బయటపడుతుంది. ఇక వేడి సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ఎన్నో గూడేలలో పక్కా గదిలో బియ్యం బస్తాలు, టీవీ ఉంటాయి. మనుషులు దాని ముందు వేసుకొన్న తాటాకు పందిరిలో ఉంటారు.

2024 మార్చిలో ఇందిరమ్మ ఇండ్ల పథకం భద్రాచలంలోనే ప్రారంభమైంది. స్థలమున్న కుటుంబానికి 5 లక్షల రూపాయలు. ఆ ఇల్లు కట్టుకొంటున్న మన్యపు కుటుంబాలకు నా మనవి ఇది. స్లాబు వేసినా ముందు తాటాకు పందిరిని తీయవద్దు. వంటకు గ్యాసు వాడండి, కట్టెల పొయ్యి ఉంటే దానిని విడిగా, గాలి పారే చోట పెట్టండి. కిటికీలు ఎదురెదురుగా ఉంచి, వాటికి దోమల జాలీ బిగించండి. పాత రేకులు తీసేటపుడు నీటితో తడిపి, పగలకుండా దించండి, పిల్లలను దూరంగా ఉంచండి. వాకిట్లోని చెట్టు పునాదికి అడ్డు వస్తున్నదని మేస్త్రీ అంటే, ముందు పునాదిని జరపగలరేమో అడగండి.