హకీము జీతం ఎవరిచ్చారు?



చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు అని మన పిల్లలు బట్టీ పడతారు. ఆ రాజులు కట్టించిన దవాఖానాల్లో హకీములకు జీతం ఎక్కడి నుండి వచ్చేదని అడిగేవారు తక్కువ. ఈ అడవి సరిహద్దులో చెదిరి బతుకుతున్న మనకు ఆ ప్రశ్నే ముఖ్యమని మేము తలుస్తున్నాము.

10వ శతాబ్ది ఆరంభంలో బాగ్దాదు వజీరు అలీ ఇబ్న్ ఈసా, ప్రధాన హకీము సినాన్ ఇబ్న్ సాబిత్‌కు ఒక ఉత్తర్వు పంపాడు. పల్లెల్లో వైద్యులు లేరు గనుక కొందరు హకీములకు మందులిచ్చి సంచారం పంపాలనీ, వారు ఒక్కొక్క చోట అవసరమైనన్నాళ్ళు ఉండి ముందుకు సాగాలనీ దాని సారాంశం. రోగి రాలేకపోతే వైద్యుడే పోవాలి అన్న మాట వెయ్యేళ్ళ నాటిదన్నమాట!

1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ పెద్ద దవాఖానా కట్టించాడు. దాని ఖర్చులకు వక్ఫు ఆస్తులు రాసి, వాటి ఆదాయంతోనే హకీముల జీతాలు నడిచే ఏర్పాటు చేశాడు. అందులో మతి చలించినవారికి వేరే విభాగం ఉండేది. 1488లో పూర్తయిన ఎదిర్నె దవాఖానాలో ఇలాంటి రోగులకు సంగీతం కూడా వినిపించేవారు. వారిని దయ్యం పట్టినవారని గెంటివేయలేదు, రోగులుగానే చూశారు. మన హైదరాబాదులోనూ ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో దారుష్షిఫా స్థాపించాడు. అక్కడ వైద్యం ఉచితం, యునానీ విద్య కూడా నేర్పేవారు. 1687లో గోల్కొండ రాజ్యం పోయింది, ఆ వైభవమూ నిలవలేదు. నేడు దారుష్షిఫా అంటే ఒక పేట పేరు.

ఇంత చరిత్ర ఉన్న మన నడుమనే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక షెడ్డులో గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. పారిపోదామంటే కాళ్ళకు సంకెళ్ళు! 2017 నాటి చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. అయితే చట్టం గొలుసు విప్పుతుంది గాని, మనసు విప్పి మాట్లాడించడానికి మనిషి కావాలి.

ఇక మన సంగతి. చర్లలో కొన్నిళ్ళు, దుమ్ముగూడెంలో కొన్నిళ్ళు, అశ్వారావుపేటలో, ఇల్లెందులో మరికొన్ని. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2016లో జిల్లాయే రెండయింది. బంధువులు గోదావరికి అటూ ఇటూ చెదిరారు. భద్రాచలం నుండి ఎర్రగడ్డ పెద్దాసుపత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. రోజుకూలీ మనిషి రోగిని వెంటబెట్టుకుని ఎన్నిసార్లు పోగలడు? మానసిక వ్యాధిగ్రస్తుల్లో నూటికి 70 మందికి పైగా వైద్యం అందడం లేదని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. 2022 నుండి 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ సలహాదారులు పలుకుతారు. మంచిదే. కాని గదిలో మూలకు కూర్చున్న ఆడబిడ్డ తానుగా ఫోను పడుతుందా?

కనుక మా మనవి ఇది. శిక్షణ పొందిన మానసిక చికిత్సకులు ఒక్కరిని నెలజీతం మీద పెట్టుకుందాము. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చి ఉండాలి. కోయ భాష కూడా వస్తే మరీ మేలు. వారానికి ఒక్కొక్క వైపు ఊళ్ళు తిరగాలి, ఇంటిల్లిపాదితో మాట్లాడాలి. మందు అవసరమైనవారిని సర్కారు దవాఖానాకు చేర్చాలి. పక్కింటి కోయ సోదరుడు పిలిచినా పోవాలి. ఒకరి ఇంటి మాట మరొక ఇంట చెప్పరాదు, చందా ఇచ్చిన పెద్దలకు సైతం!

గది కట్టిస్తామంటే దాతలు దొరుకుతారు, గోడ మీద పేరు నిలుస్తుంది గనుక. జీతం ఇచ్చినవారి పేరు ఏ గోడ మీదా ఉండదు. జకాతుకు షరతులున్నాయి, అది ఉలమాలను అడిగి తేల్చుకోవాలి. మామూలు చందాతోనైనా ముందు మూడేళ్ళ జీతం జమచేసి పని మొదలుపెడదాము. నడుమ ఆగితే నమ్మి మనసు విప్పినవారు మళ్ళీ నోరు తెరవరు.