సభయందు ప్రశ్నకు స్థానము

ఉపన్యాసకుడు పలుకుటయు, తక్కినవారు మౌనముగ వినుటయు సభామర్యాదయని నేడు పెక్కురు తలంచుచున్నారు. మన పూర్వుల యాచారము వేరని మేము చెప్పుదుము. ప్రశ్నకు ఆసనమిచ్చి కూర్చుండబెట్టిన సభలు మనకు కలవు.

ప్రశ్నోపనిషత్తు పేరే ఇందుకు సాక్ష్యము. ఆర్గురు జిజ్ఞాసువులు పిప్పలాదమహర్షిని సమీపింపగా, ఆయన వారిని తనకడ ఒక సంవత్సరము నియమముతో వసింపుడనియు, పిమ్మట ఇచ్చవచ్చినట్లడుగుడనియు, తనకు తెలిసినచో చెప్పెదననియు పలికెను. ఆ గ్రంథమందలి ఆరు భాగములును వారడిగిన ఆరు ప్రశ్నలను బట్టియే ఏర్పడినవి.

తెలుగుదేశమున ఈ పద్ధతి అవధానరూపమున వర్ధిల్లినది. 19వ శతాబ్ది చివర దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అను జంటకవులు దీనిని సంస్థానములందును పట్టణములందును వ్యాపింపజేసిరి. అష్టావధానమున పృచ్ఛకులెనమండ్రు. అవధాని ఒక్కొక్క యక్షరము పలుకగా, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు దాని వెంట రాదగిన యక్షరమును నిషేధించును. అవధాని వేరొక త్రోవ వెదకికొనవలెను. అప్రస్తుతప్రసంగి నడుమనడుమ పొంతనలేని ప్రశ్నలతో అతని ఏకాగ్రతను భంగపరుపజూచును. ఇట్లు అడ్డగించువారే ఆ సభకు ప్రాణము. వారు లేనిచో అది వట్టి పద్యపఠనమగును.

ఆ పృచ్ఛకులు పండితులే కదా, సామాన్యునికి అందు చోటెక్కడిదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఆ మాట నిజమే. ఈ కొరతను బుర్రకథ కొంత తీర్చినది. తంబుర పట్టిన కథకునికి ఇరుప్రక్కల వంతలు నిలుతురు. ఒకడు హాస్యమాడును, ఒకడు నాటి రాజకీయములను కథలోనికి లాగును. వినువారి మనస్సున మెదలు సందేహమును వారి మాటలలోనే అడుగుట వంతల పని. 1940 తరువాతి దశాబ్దమున ప్రజానాట్యమండలివారు ఈ కళనే పల్లెలకు గొనిపోయిరి. అందు ప్రసిద్ధుడైన షేక్ నాజర్ (1920–1997) 1986లో పద్మశ్రీ బిరుదము నందెను.

ఇట్టి వారసత్వము కలిగియు, 2020లో కోవిడు వ్యాధిచే బడులు మూతపడినప్పుడు మనమేమి చేసితిమి? ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన తెలంగాణమున దూరదర్శన్, టీశాట్ ద్వారా పాఠముల ప్రసారము మొదలైనది. బాలలకు చదువు అందించుటకు చేసిన ఆ యత్నము శ్లాఘ్యమే. కాని తెరపై కనబడు గురువును శిష్యుడు అడ్డగింపజాలడు. ప్రశ్నకు వీలున్న ఆన్‌లైను తరగతులందు సైతము పెక్కు తావుల ఒక్క గొంతే వినబడుచుండెను. తెలియని సంగతిని తెలియదనుటకు అవకాశము లేని బాలుడు తెలిసినట్లు నటించుటకు అలవాటు పడును. ఆ నటన అజ్ఞానముకంటె హానికరము.

కావున బోధకులకు మా విన్నపమొకటి. సభయైనను, ఆన్‌లైను శిక్షణమైనను, ముందుగనే ఒకనిని పృచ్ఛకునిగ నియమింపుడు. నడుమ ఆపి అడుగుటకు అతనికి అధికారమిండు. వేరొకనిని వంతగ నిలిపి, విన్నదానిని తన మాటలలో తిరిగి చెప్పింపుడు. దినమున కొకరు చొప్పున ఆ పదవి అందరికిని రావలెను. వెనుక వరుసలో కూర్చుండు బాలికకు మొట్టమొదట రావలెను.